విమానం కోసం చేసిన నిశ్శబ్దం

నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ల మీద రివ్యూలు నాలుగు చదివితే చాలు, అయిదోది మనమే రాసేయొచ్చు. రివ్యూ రాసేవాడు విమానం ఎక్కుతాడు. స్విచ్ నొక్కుతాడు. ఇంజిన్ హోరు మాయమైపోతుంది. అతను జాజ్ వింటూ హాయిగా నిద్రపోతాడు. తర్వాత ఒక పట్టిక, అందులో ఏ కంపెనీది ఎన్ని డెసిబెల్స్ తగ్గించిందో అంకెలు, చివర్న పదికి తొమ్మిది మార్కులు. వెనక వరసలో గుక్కపట్టి ఏడుస్తున్న పసిపిల్లాడి గురించి మాత్రం ఏమీ రాయడు. ఎందుకు రాయడో కాసేపట్లో చెప్తాను.

నా అభ్యంతరం ఆ విమానంతోనే మొదలవుతుంది. నేను ఏడాదికి రెండు మూడుసార్లు విమానం ఎక్కుతాను. బస్సో మెట్రోనో రోజుకి రెండుసార్లు ఎక్కుతాను. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందిది ఇదే లెక్క అయివుంటుంది. మనం పాటలు వినేది ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో కాదు, అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగిపోయిన సిటీ బస్సులో. అక్కడి మోత వేరు. అయినా ముప్పై వేలు పెట్టి కొనేముందు మనం చూసేది విమానం ఎక్కినాయన వేసిన మార్కులే.

"ఏది ఎక్కువ శబ్దం తగ్గిస్తుంది?" అన్నది హెడ్‌ఫోన్ కొనేవాడు అడగాల్సిన ప్రశ్న కాదని నా వాదన. అది కంపెనీలు మన నోట్లో పెట్టిన ప్రశ్న. ఏ శబ్దాన్ని తగ్గిస్తుంది? తగ్గగా మిగిలిన చోట మనం ఏ పాట వినబోతున్నాం? ఎంత వాల్యూములో? ఇవీ అడగాల్సినవి. ఇవి నిజాయితీగా అడిగితే, మనలో చాలామందికి ముప్పై వేల వస్తువు అక్కర్లేదని తేలిపోతుంది. కొందరికి అవసరమనీ తేలుతుంది, అది కూడా ఒప్పుకుంటాను.

ఈ యంత్రం విమానంలో పెరిగిందన్నది ఊరికే అంటున్న మాట కాదు. ఒక శబ్దతరంగానికి సరిగ్గా తిరగేసిన తరంగాన్ని జతచేస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయన్న ఆలోచనకి పౌల్ లుయెగ్ అనే జర్మన్ 1933లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. అమెరికా పేటెంటు 1936లో చేతికొచ్చింది. అప్పటి ఎలక్ట్రానిక్స్‌తో అది కాగితం దాటలేదు. 1978లో అమర్ బోస్ జూరిక్ నుంచి తిరిగి వెళ్తూ, విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్లలో సంగీతం ఇంజిన్ మోతలో మునిగిపోతుంటే, సీట్లో కూర్చునే లెక్కలు మొదలుపెట్టాడు. 1986లో ఎక్కడా దిగకుండా, మధ్యలో ఇంధనం నింపుకోకుండా భూమిని చుట్టొచ్చిన వాయేజర్ విమానంలో డిక్ రూటన్, జీనా యేగర్ పెట్టుకున్నవి బోస్ కంపెనీ నమూనాలే. 1989లో పైలట్ల కోసం అమ్మకానికి వచ్చాయి. మామూలు జనం చేతికి 2000లో వచ్చాయి. (అమర్ బోస్ తండ్రి బెంగాల్ నుంచి బ్రిటిష్ వాళ్ళని తప్పించుకుని అమెరికా వెళ్ళిన స్వాతంత్ర్య పోరాటయోధుడు. మన పేపర్లకి మొత్తం కథలో ఇదొక్కటే ముఖ్యం.) అంటే పైలట్ కొలతలకి కుట్టిన చొక్కా ఇది. తర్వాత ఎన్ని మార్పులు చేసినా కొలతలు మాత్రం ఆయనవే.

అవి మనకెందుకు సరిపోవో చెప్పాలంటే కాస్త లెక్క తప్పదు. ఇంజనీరింగ్ చదివినందుకు దీనికైనా పనికి రానివ్వండి.

ఇలాంటి హెడ్‌ఫోన్లో చిన్న చిన్న మైకులుంటాయి. అవి బయటి శబ్దాన్ని పట్టుకుంటాయి, లోపలి స్పీకర్ దానికి తిరగేసిన తరంగాన్ని పాటతో పాటు వాయిస్తుంది. రెండూ చెవి దగ్గర ఒక్క క్షణంలోనే కలవాలి. శబ్దపు ఒత్తిడిని పదోవంతుకి తేవాలంటే, అంటే 20 డెసిబెల్స్ తగ్గించాలంటే, రెండు తరంగాల మధ్య తేడా ఆరు డిగ్రీలు మించకూడదు. ఒక పూర్తి తరంగంలో అరవయ్యోవంతు. డీజిల్ ఇంజిన్ గురగురలాగా 100 హెర్ట్జ్ దగ్గరుండే శబ్దానికి ఒక తరంగం పట్టే కాలం పది మిల్లీసెకన్లు. అందులో అరవయ్యోవంతంటే దాదాపు 170 మైక్రోసెకన్ల వెసులుబాటు. చిప్పుకి అది బోలెడంత టైము. అదే 3000 హెర్ట్జ్ దగ్గరుండే కీచు హారన్‌కయితే వెసులుబాటు అయిదున్నర మైక్రోసెకన్లు. పైగా అక్కడ తరంగం పొడవే పదకొండు సెంటీమీటర్లు. ఒక చోట సరిగ్గా కొట్టేసినా, రెండు సెంటీమీటర్లు ఇవతలకొస్తే లెక్క తప్పుతుంది. అందుకని ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్లోనైనా ఈ తిరగేత విద్య సుమారు 1000 హెర్ట్జ్ దాటేసరికి చతికిలబడుతుంది. ఆ పైన పనిచేసేది చిప్పు కాదు, చెవిని మూసే రబ్బరు, స్పాంజి.

పసిపిల్లాడి ఏడుపు సంగతి ఇప్పుడు అర్థమయ్యుంటుంది.

మన బస్సు శబ్దాన్ని ఈ లెక్కలో పెట్టి చూడండి. ఇంజిన్ గురగుర, టైర్ల హోరు, మెట్రోలో అయితే ఏసీ రొద. ఇవి పోతాయి. నిజంగానే పోతాయి. మొదటిసారి పెట్టుకున్నప్పుడు ఎవరో తలుపు దగ్గరకి వేసినట్టుంటుంది. మరి మిగిలేవేంటి? హారన్లు, బ్రేకుల కీచు, కండక్టర్ కేక, వెనక సీటాయన ఫోన్లో స్పీకర్ పెట్టి చూస్తున్న రీల్స్, ముందు సీటావిడ వాళ్ళ ఆడపడుచు పెళ్ళిలో జరిగిన గొడవ. ఇంతకుముందు ఇంజిన్ మోత వీటిని కొంచెం కప్పి ఉంచేది. ఇప్పుడా కప్పు తీసేశారు. ముప్పై వేలకి మనం కొన్నది ఆడపడుచు పెళ్ళి వివరాలు ఇంకాస్త స్పష్టంగా వినబడే ఏర్పాటు. కాస్త ఎక్కువ చేసి చెప్తున్నానని తెలుసు. మరీ ఎక్కువేం కాదు.

ఏసీ లేని బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే ఇంకో సరదా ఉంది. గాలి నేరుగా బయటి మైకుల్ని కొడుతుంది. యంత్రం దాన్ని కూడా శబ్దమే అనుకుని తిరగేయబోతుంది, చెవిలో బుర్రుబుర్రుమని మొదలవుతుంది. గాలిని కనిపెట్టి సర్దుకునే ఏర్పాటు కొన్నింట్లో ఉంది. అది చేసే పని ప్రధానంగా బయటి మైకుల్ని తగ్గించడమే. అంటే దేనికోసం కొన్నామో దాన్ని కొంత కట్టేయడం. విమానంలో కిటికీ తెరవం కదా, ఈ కష్టం మార్కుల పట్టికలోకి ఎక్కదు.

ఇక డబ్బాల మీద అంకెలు. మూడు వేల రూపాయల ఇయర్‌బడ్స్ డబ్బా మీద కూడా "50 డెసిబెల్స్ వరకు" అని ఉంటుంది. ఆషాఢం సేల్‌లో బట్టల షాపు మీద కట్టిన బ్యానర్ గుర్తుందా? 70 శాతం వరకు తగ్గింపు. లోపలికెళ్తే ఆ 70 శాతం మూల బుట్టలో పడున్న నాలుగు జతలకే. ఇదీ అంతే. ఎక్కడో ఒకే ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర, ప్రయోగశాలలో, కొలత బొమ్మ చెవికి సరిగ్గా అతికినప్పుడు వచ్చే శిఖరం అది. మనిషి గొంతుండే మేరలో ఎంత తగ్గుతుందో డబ్బా మీద రాయరు. రాస్తే అమ్ముడుపోదు.

మరి ఏం చూడాలి? బిగువు. చెవికీ బయటికీ మధ్య సందు లేకపోవడం. చిప్పు చేతులెత్తేసే పై ఫ్రీక్వెన్సీలని ఆపేది అదొక్కటే. కింది ఫ్రీక్వెన్సీల్లో చిప్పు సరిగ్గా పనిచేయాలన్నా అదే కావాలి. సందుంటే బయటి మోత లోపలికొస్తుంది, లోపలి బేస్ బయటికి పోతుంది. ఇన్నేళ్ళలో నాకు అప్పగించి "సౌండు బాలేదు, చూడు" అన్నవాళ్ళ ఇయర్‌ఫోన్లలో సగానికి పైగా జబ్బు ఇదే. డబ్బాలో మూడు సైజుల రబ్బరు టిప్పులిస్తారు. మధ్య సైజు తగిలించి ఉంటుంది. మిగతా రెండూ ప్లాస్టిక్ కవర్లోనే, డబ్బాతో సహా బీరువా ఎక్కేస్తాయి. నా కుడిచెవికీ ఎడమచెవికీ సైజు వేరు, రెండింటికీ వేర్వేరు టిప్పులు వాడతాను. మెత్తటి ఫోమ్ టిప్పులు విడిగా కొన్ని వందలకి దొరుకుతాయి. వేళ్ళ మధ్య నలిపి చెవిలో పెడితే నెమ్మదిగా ఉబ్బి చెవి ఆకారానికి కుదురుకుంటాయి. కొన్నాళ్ళకి పాడవుతాయి, మళ్ళీ కొనాలి. అయినా పెట్టిన డబ్బుకి ఇంత ఫలితమిచ్చే వస్తువు ఈ వ్యాపారంలో ఇంకోటి నాకు తెలీదు.

రెండు వేల లోపు వైరున్న ఇయర్‌ఫోన్, దానికో మంచి ఫోమ్ టిప్పు. బస్సులో గొంతులూ హారన్లూ ఆపే విషయంలో ఈ జోడీ ముప్పై వేల హెడ్‌ఫోన్‌కి దీటుగా నిలబడుతుంది. ఇంజిన్ గురగుర దగ్గర ఓడిపోతుంది. దీనిక్కూడా ఇబ్బందులున్నాయి. మన అడుగుల చప్పుడు మన తలలోనే ధబధబమని వినిపిస్తుంది, వైరు చొక్కాకి రాసుకుంటే గరగరలాడుతుంది. కూర్చుని వినేవాడికి పర్వాలేదు. ఫోనుకి రంధ్రం లేదంటారా? 2016లో ఆపిల్ తీసేసింది, నవ్వుతూనే మిగతావాళ్ళూ తీసేశారు. చిన్న అడాప్టర్ కొనాలి. అది పోగొట్టుకోకుండా చూసుకోవాలి, అది వేరే సాధన. వైర్లెస్ బడ్స్‌లో వేలిగోరంత బ్యాటరీ అతికించేసి ఉంటుంది. రెండు మూడేళ్ళకి అది నీరసపడితే మొత్తం వస్తువే చెత్తబుట్టకి పోవాలి. పదేళ్ళ కిందటి వైరు ఇయర్‌ఫోన్ నా సొరుగులో ఇప్పటికీ పాడుతోంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. టిప్పులే లేకుండా చెవి గుమ్మంలో ఊరికే వేలాడే బడ్స్‌కి నాయిస్ క్యాన్సిలేషన్ పెట్టి అమ్ముతున్నారు. తలుపు లేని గదికి ఏసీ పెట్టడం లాంటిది. కొనకండి.

సంగీతం గురించి ఇంతవరకూ మాట్లాడనేలేదు. రివ్యూలు కూడా మాట్లాడవు. నిశ్శబ్దానికి మార్కులు వేసేవాడు ఆ నిశ్శబ్దంలో ఏం విన్నాడో చెప్పడు, చెప్పినా "బేస్ పంచ్" దగ్గర ఆగిపోతాడు. అసలు తేడా అక్కడే ఉంది. ఇప్పటి తెలుగు సినిమా పాట, ముఖ్యంగా హీరో ఇంట్రడక్షన్ పాట తీసుకోండి. మొదటి క్షణం నుంచి చివరిదాకా ఒకే ఎత్తులో ఉండేలా పిండి, నొక్కి, అంచులదాకా నింపి మాస్టర్ చేస్తారు. అందులో చిన్న శబ్దమంటూ ఏదీ లేదు. అలాంటి పాట బస్సు మోతలో కూడా వినబడుతుంది, దాన్ని చేసిందే అందుకు. ప్లేలిస్టు నిండా ఇవే ఉన్నవాడికి ముప్పై వేల నిశ్శబ్దం దండగ. ఇది చిన్నచూపు కాదు. ఆటోలోనూ, టీ కొట్లోనూ, ఊరేగింపులోనూ వినబడాలని ఆ పాటని అలా చేశారు. దాని పని అది చేస్తోంది.

వీణ తీసుకోండి. తీగ ఒకసారి మీటాక వాద్యకారుడి చేతిలో ఇక మిగిలింది ఆ స్వరం సన్నబడే కాలం మాత్రమే. ఆ కాలంలో ఎడమచేత్తో తీగని పక్కకి లాగి, వదిలి, మళ్ళీ లాగి, ఒక్క మీటు మీదే రెండు మూడు స్వరాలు పలికిస్తాడు. రాగం ఉన్నది మీటులో కాదు, ఆ తోకలో. ఈమని శంకరశాస్త్రి ఆలాపన ఏదైనా సరే, ఆయన శిష్యుడు చిట్టిబాబు వాయించినదైనా సరే, ఒకసారి ఇంట్లో అర్ధరాత్రి వినండి. మర్నాడు అదే బస్సులో వినండి. బస్సులో మీకు వినబడేవి మీటులు మాత్రమే. టక్, టక్. మనిషి మాటల్లోంచి అచ్చులన్నీ తీసేసి హల్లులు మాత్రం వినిపించినట్టు.

మోటుగా ఒక లెక్క వేద్దాం. బస్సులో 80 డెసిబెల్స్ మోత ఉందనుకుందాం. (నా ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే సీటుని బట్టి, బస్సు వయసుని బట్టి 75 నుంచి 85 దాకా ఊగింది. ఫోన్ మైకు కాబట్టి దీన్ని ప్రమాణంగా తీసుకోకండి.) వీణ స్వరం మీటు నుంచి 20 డెసిబెల్స్ కిందకి సన్నబడిందాకా మనకి వినబడాలి. ఆ తోక 80 దగ్గర నిలవాలంటే మీటు 100 దగ్గర ఉండాలి. సరేనని వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దవాళ్ళకి వారానికి 80 డెసిబెల్స్ చొప్పున 40 గంటలు. అక్కణ్ణించి ప్రతి మూడు డెసిబెల్స్‌కీ సమయం సగానికి పడిపోతుంది. 83కి ఇరవై గంటలు, 86కి పది. రోజుకి రెండు గంటల ప్రయాణం, వారానికి అయిదు రోజులంటే, 86 దగ్గరే మన కోటా అయిపోయింది. 100కి ఎంతో తెలుసా? వారం మొత్తానికి 24 నిమిషాలు. మీటు క్షణికం కాబట్టి సగటు దీనికంటే చాలా తక్కువే ఉంటుంది. పోకడ మాత్రం అటే. 12 నుంచి 35 ఏళ్ళ లోపు వాళ్ళలో వంద కోట్ల మందికి పైగా ఇలా వినడం వల్ల వినికిడి పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నారని ఆ సంస్థ అంచనా. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు మనిషిలో ఒకసారి చస్తే మళ్ళీ మొలవవు. ఎగువ ఫ్రీక్వెన్సీలవి ముందు పోతాయి. అంటే గమకాల సన్నదనమూ, మనుషుల మాటల్లో "స"కీ "ఫ"కీ తేడా.

ఇప్పుడు బయటి మోతని 20 డెసిబెల్స్ తగ్గించారనుకోండి. లోపల 60. తోక 60 దగ్గర నిలిస్తే మీటు 80. అదే రాగం, అంతే స్పష్టంగా, చెవికి హాని లేకుండా. శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్ చేసే మంచి పని నా దృష్టిలో ఇదొక్కటే: తక్కువ వాల్యూములో వినే వీలు ఇవ్వడం. కంపెనీలు అమ్మే "మీ సొంత ప్రపంచం" నాకక్కర్లేదు. అది చిప్పుతో వచ్చిందా, ఫోమ్‌తో వచ్చిందా అన్నది కూడా తర్వాతి మాట. రెండూ కలిస్తే ఇంకా మంచిది.

చిప్పు పక్షాన ఒక మాట చెప్పాలి. 1989 నాటి "గీతాంజలి" పాటల్లో ఇళయరాజా బేస్ గిటార్‌ని ప్రత్యేకంగా వినేవాళ్ళుంటారు, వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ తీగ తిరిగే మేరా, బస్సు ఇంజిన్ గురగురలాడే మేరా దాదాపు ఒకటే. ఫోమ్ టిప్పు అక్కడ ఓడిపోతుంది, తిరగేత విద్య గెలుస్తుంది. ఇంజిన్ పోగానే బేస్ గిటార్ అడుగు నుంచి పైకి తేలుతుంది. ఇలాంటి సంగీతం వినేవాళ్ళు, లేదా వారం వారం రాత్రి బస్సుల్లో విజయవాడకో బెంగళూరుకో తిరిగేవాళ్ళు డబ్బు పెట్టి కొనుక్కుంటే తప్పనను. ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు మాత్రం ఆ స్విచ్ ఆపేయండి. చాలా హెడ్‌ఫోన్లలో అది ఆన్‌లో ఉంటే సన్నటి "స్స్" వినిపిస్తుంది, కొన్నింట్లో పాట స్వభావమే కొంచెం మారుతుంది. రేడియో వాళ్ళ పాత టేపుల్లో ఎలాగూ బోలెడు "స్స్" ఉంది. (ఆ టేపుల్ని "హై-రెస్" బంగారు స్టిక్కరున్న హెడ్‌ఫోన్లో వినడం గురించి ఇంకో వ్యాసం రాయొచ్చు.)

కాబట్టి నా పరీక్ష చాలా చిన్నది. మీరు ఎక్కువగా వినే సంగీతంలో బాగా మెల్లగా సాగే ముక్క ఒకటి ఎంచుకోండి. మీరు రోజూ వెళ్ళే దారిలో, బాగా గోలగా ఉండే చోట, అది చివరిదాకా వినబడేలా వాల్యూమ్ పెట్టుకోండి. గీత ఎక్కడుందో చూడండి. అదే ముక్కని ఇంట్లో రాత్రిపూట వినడానికి గీత ఎక్కడ చాలింది? ఆ రెండు గీతల మధ్య దూరం ఎంత తక్కువుంటే ఆ హెడ్‌ఫోన్ మీకు అంత మంచిది. మాల్‌లో షోరూమ్‌లో నిలబడి చేసే పరీక్ష దేనికీ పనికిరాదు. అక్కడ ఏసీ రొద ఒక్కటే ఉంటుంది, ఈ యంత్రానికి అది పెట్టని పరీక్ష. వాపసు తీసుకునే చోట కొని బస్సెక్కండి. రోడ్డు దాటేటప్పుడు, పట్టాల దగ్గర, ఏ రకమైనా సరే తీసి మెళ్ళో వేసుకోండి.

ఇక రెండో వైపు వాళ్ళ సంగతి. మన సాహిత్య సభల్లో ఏటా ఒకరైనా లేచి, ఈ తరం చెవుల్లో ఏవో దూర్చుకుని మనుషుల నుంచి తెగిపోయిందని బాధపడతారు. కవిత్వం బస్సులో మనుషుల మాటల్లోంచే పుడుతుందని కూడా అంటారు. వాళ్ళకి ఒక పాత సంగతి గుర్తు చేయాలి. 1979లో సోనీ వాళ్ళ మొదటి వాక్‌మన్ వచ్చినప్పుడు, ఒక్కరే పాట వినడం మర్యాద కాదేమోనని కంపెనీ పెద్ద అకియో మొరిటాకే బెంగ పట్టుకుంది. అందుకే దానికి రెండు హెడ్‌ఫోన్ల కోసం రెండు రంధ్రాలు పెట్టారు. పాట తగ్గి పక్కవాళ్ళ మాట వినబడేలా ఒక నారింజరంగు బటన్ కూడా పెట్టారు. జనం రెండో రంధ్రాన్ని పెద్దగా వాడలేదు, తర్వాతి మోడళ్ళలో అది పోయింది. మాట వినిపించే బటన్ మాత్రం నలభై ఏళ్ళ తర్వాత "ట్రాన్స్‌పరెన్సీ మోడ్" అన్న పేరుతో, చిప్పు ఖర్చుతో సహా తిరిగొచ్చింది. అంటే ఈ బెంగ కొత్తది కాదు. రైల్లో నవల చదువుకునేవాడు కూడా ఎదుటి సీటు వాడితో మాట్లాడడు. అతన్ని సమాజం నుంచి తెగిపోయాడని ఎవరూ అనరు, చదువరి అంటారు. పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిదిదాకా ఆఫీసూ దారీ తినేసేవాడికి ఒక రాగం మొదటి నుంచి చివరిదాకా వినే జాగా బస్సు సీటు తప్ప ఇంకేదీ లేదు. ఆ గంటని కూడా మనుషుల పరిశీలనకి రాసివ్వమంటే కుదరదు.

అయితే ఆ పెద్దల మాటల్లో వాళ్ళకే తెలియని నిజం ఒకటుంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో గోడలు తీసేసి అందర్నీ ఒకే హాల్లో బల్లల వరసల్లో కూర్చోబెట్టారు. ఒకరి కాల్ పదిమందికి వినబడేది. ఫిర్యాదులు పెరిగాయి. గోడలు తిరిగి రాలేదు. కొత్తగా చేరేవాళ్ళకి ఇచ్చే బ్యాగులో నోట్‌బుక్కు, మగ్గు పక్కన నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ వచ్చి చేరింది. ఆ తర్వాత ఫిర్యాదులు ఆగిపోయాయి. మోత ఎంతున్నది అంతే ఉంది, దాని గురించి మాట్లాడే నోళ్ళు మాత్రం మూతపడ్డాయి.

ఊరి సంగతీ ఇంతే. కుళాయి నీళ్ళు తాగలేమని తెలిశాక మధ్యతరగతి నీళ్ళ బోర్డుతో పోట్లాడటం మానేసి క్యాన్లు తెప్పించుకుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ పెట్టించుకుంది. ఇప్పుడు నిశ్శబ్దాన్ని ఇఎంఐ మీద కొనుక్కుంటోంది. ఈ దేశంలో శబ్ద కాలుష్యానికి 2000 నుంచి నిబంధనలున్నాయి. ఇళ్ళుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆస్పత్రులు, బడులు, కోర్టులున్న చోట చుట్టూ వంద మీటర్లు పగలు 50, రాత్రి 40. చెవులు చిల్లులు పడే హారన్లనీ, రకరకాల రాగాలు తీసే హారన్లనీ 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల్లో 119వది ఎప్పుడో వద్దంది. ఈ అంకెలు ఎక్కడున్నాయో వెతికి తీసి, అర్జీ రాసి, మూడుసార్లు తిరగ్గల ఓపికా ఇంగ్లీషూ ఉన్నది ఎవరికి? ముప్పై వేల హెడ్‌ఫోన్ కొనగలిగినవాళ్ళకే. వాళ్ళకిప్పుడు హారన్ పట్టదు.

అందుకే రెండు వేల ఇయర్‌ఫోన్, ఫోమ్ టిప్పు అని ఇంతగా పోరుతున్నాను. పాట వినడానికి అది చాలు. చెవి కాపాడుకోవడానికి చాలు. ఊరి గోల అసలు లేనే లేదని నమ్మించే శక్తి మాత్రం దానికి లేదు. హారన్ కొంచెం లోపలికొస్తుంది. రానివ్వండి. మెట్రోలో పక్కవాడు స్పీకర్ పెట్టి రీల్స్ చూస్తుంటే "కాస్త ఆపుతారా అన్నా" అని అడగాలనిపించేంత వినబడనివ్వండి. నేను అడుగుతాను. సగం మంది ఆపేస్తారు. మిగతా సగం మంది నా చెవుల వైపు చూసి, నీకున్నాయి కదా పెట్టుకో అంటారు.

ఇంజిన్ ముందుండే సిటీ బస్సులో డ్రైవర్ సీటు ఎక్కడుంటుందో చూశారా? ఇంజిన్ మూత ఆయన ఎడమ మోకాలి పక్కనే. నేను రోజుకి రెండు గంటలు వినే గురగురని ఆయన డ్యూటీ మొత్తం అక్కడే కూర్చుని వింటాడు. కిటికీలోంచి హారన్లు అదనం. ఆయన చెవిలో ఇయర్‌ఫోన్ కనబడితే ఫొటో తీసి పోలీసులకి ట్యాగ్ చేసేది మనమే.